కాటా దగ్గర మొదలుపెట్టండి

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడి మీద నడిచే చిన్న కంపెనీకి ఏడాదికి ఒక్కటే పరీక్ష. మార్చి నెలాఖరుకో ఏప్రిల్ మొదట్లోనో తొలి కాయ దిగుతుంది. జూన్‌లో వానలు పట్టేసరికి షెడ్డు ఖాళీ. ఆ రెండు మూడు నెలల్లోనే లారీలు, కోత కూలీలు, రైతుల బాకీలు, ఢిల్లీ నుంచి ఫోన్లు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. బట్టల కొట్టాయన కొత్త సాఫ్ట్‌వేర్ ఈ నెల కుదరకపోతే వచ్చే నెల సర్దుకుంటాడు. మీకు ఆ వీలు లేదు. ఏప్రిల్‌లో తడబడితే మళ్లీ ఏప్రిల్ వచ్చేదాకా ఆగాల్సిందే.

కాగితం నుంచి కంప్యూటర్‌కు మారాలనుకున్నవాళ్లు ఎక్కువమంది చేసేది ఒకటుంది. ఉగాది వెళ్లి సీజన్ నెత్తిమీదికొచ్చాక ఎవరో చెప్పిన ప్యాకేజీ కొంటారు. కొన్నాళ్లు దాంతో కుస్తీ పడతారు. మే నెలలో లోడు మీద లోడు దిగేసరికి "ముందు కాయ పంపిద్దాం, తర్వాత ఎక్కించుకుందాం" అంటారు. ఆ తర్వాత అనేది రాదు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి కార్బన్ పుస్తకం బయటికి తీస్తారు. నింద ప్యాకేజీ మీద పడుతుంది. నా లెక్కలో చాలాసార్లు దాని తప్పు తక్కువే. పని అసలు ఎలా నడుస్తోందో ఒకరికొకరు ఎప్పుడూ చెప్పుకోకుండానే దాన్ని యంత్రానికి అప్పగించడం అసలు తప్పు.

ఒక లోడు నడిచే దారి చూడండి. తోటలో ముఠా మేస్త్రీ ట్రేలు లెక్కపెట్టి జేబు పుస్తకంలో గీతలు గీస్తాడు. షెడ్డు దగ్గర కాటా వేసినవాడు చీటీ రాస్తాడు. గ్రేడింగ్‌లో మచ్చ కాయ, దెబ్బ కాయ, చిన్న కాయ వేరయ్యాక ఇంకో కాగితం పుడుతుంది. గుమాస్తా సాయంత్రం చిట్టాలో ఎక్కిస్తాడు, రాత్రికి రైతు ఖాతాలో వేస్తాడు. బయటికెళ్లే లారీకి మళ్లీ వేరే కాగితం. ఒకే కాయ బరువు ఇన్నిచోట్ల, ఇందరి చేతిరాతలో ఉంటుంది. అన్నీ కలిసిన రోజు పండగే. కలవని రోజు యజమాని వచ్చి "సరేలే, మధ్యస్థంగా వేసెయ్యండి" అంటాడు. ఆ మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. మీ కంపెనీ నడుస్తున్నది మాత్రం ఆ మాట మీదే.

ఇదే సంగతి మన రాష్ట్రంలో ఒకసారి చాలా పెద్ద ఎత్తున జరిగింది. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో 'కార్డ్' పేరుతో కంప్యూటర్ రిజిస్ట్రేషన్ మొదలైంది. అప్పటిదాకా దస్తావేజును ఆఫీసులో చేత్తో రిజిస్టర్‌లోకి దించుకునేవాళ్లు. ఆస్తి మీద ఏయే లావాదేవీలు ఉన్నాయో చూపే ఈసీ కావాలంటే ఏళ్లకేళ్ల పుస్తకాలు తిరగెయ్యాలి, జనం రోజుల తరబడి తిరగాలి. కార్డ్ వచ్చాక దస్తావేజును స్కాన్ చేసి దాచారు, ఈసీ నిమిషాల మీద చేతికొచ్చింది. ఇతర రాష్ట్రాలు దీన్ని ఆదర్శంగా చెప్పుకున్నాయి. 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జోనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు రాసిన వ్యాసం మాత్రం ఇంకో ముఖం చూపించింది. మామూళ్లు పోలేదు, దస్తావేజు లేఖరుల చేతి మీదుగానే పని నడుస్తోంది. నన్నడిగితే రెండూ నిజమే. నకలు రాసే పని కంప్యూటర్‌కు లొంగింది. లేఖరికీ ఆఫీసుకూ మధ్య ఉన్న నోటిమాట ఒప్పందం లొంగలేదు. దాన్ని ఎవరూ బల్ల మీద పెట్టనే లేదు మరి.

కాబట్టి ఈ అధ్యాయంలో ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న చర్చ లేదు. మీ షెడ్డులో నోటిమాట మీద నడిచేవాటిని ఎలా బయటికి లాగాలన్నదే ఉంది. దానికి సరైన కాలం ఆషాఢ, శ్రావణ మాసాలు. కాయ లేదు, రైతుల లెక్కలు దాదాపు తేలిపోయి ఉంటాయి, గుమాస్తాకు కూడా కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది.

ఆ తీరికలో పోయిన సీజన్ చీటీల కట్టలు దించండి. శుభ్రంగా ఉన్నవి పక్కన పెట్టెయ్యండి, వాటితో పని లేదు. కొట్టివేతలు, పైన రాసిన అంకెలు, అంచున ఏదో గుర్తు, వెనకవైపు పెన్సిల్‌తో లెక్క ఉన్నవి మాత్రం ఏరండి. "మన పద్ధతేంటి?" అని గుమాస్తాను అడిగితే బడిలో పాఠం అప్పజెప్పినట్టు చక్కని జవాబు వస్తుంది. అందులో సగం జరగదు. దానికి బదులు ఒక్కో కొట్టివేత చూపించి, "బాబాయ్, ఇది ఎందుకు దిద్దారు?" అని అడగండి. అసలు సంగతులు అప్పుడు రాలతాయి.

ఒక చీటీలో ధర మారి ఉంటుంది. తోట మాట్లాడుకున్న రోజు ధరా, కాయ దిగిన రోజు నున్న మార్కెట్లో పలికిన ధరా అన్నది తేలక రైతు గొడవపడి ఉంటాడు. ఇంకోదాంట్లో బంగినపల్లి లోడులో కలెక్టర్ కాయ కలిసి వచ్చి ఉంటుంది. మరోచోట ముందుగా ఇచ్చిన బయానా ఎవరి వాటాలోంచి తియ్యాలో తెలియక అన్నదమ్ములిద్దరి ఖాతాల్లోనూ సగం సగం వేసి ఉంటారు. గాలివాన మర్నాడు వచ్చిన చీటీలన్నిటి మీదా ఒకే చిన్న గుర్తు కనిపించొచ్చు. రాలిన కాయకు తరుగు వేరు, ఆ సంగతి గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. యజమాని బావమరిది లోడుకైతే తరుగే లేదు! ప్రతి కొట్టివేతా మీరు ఎన్నడూ రాసుకోని ఒక నియమం. ఇవన్నీ తెల్ల కాగితం మీద మామూలు తెలుగులో రాయండి. ఏవి ఇకముందు కూడా ఉండాలి, ఏవి పోవాలి అన్నది యజమాని తేల్చాలి. బావమరిది సంగతి తేల్చడమే కష్టం. అయినా కంప్యూటర్ కంటే ముందు తేలాల్సింది అదే. లేకపోతే సీజన్ మధ్యలో పది లోడ్లకు "ఇది దీంట్లో వెయ్యకండి" అన్న మాట వస్తుంది. పదకొండో లోడుకు ఎవరూ దేన్నీ నమ్మరు.

నియమాలు రాస్తున్నప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఈ కాగితం అసలు ఎందుకు పుట్టింది? 1990లో మైఖేల్ హామర్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన ఒక వ్యాసంలో ఫోర్డ్ కార్ల కంపెనీ కథ ఉంది. సరుకు అమ్మినవాళ్లకు డబ్బు చెల్లించే విభాగంలో ఫోర్డ్‌కు అయిదు వందల మందికి పైగా ఉంటే, మాజ్దాలో అదే పనికి అయిదుగురు. మాజ్దా చిన్న కంపెనీయే అనుకున్నా ఆ తేడా పరిమాణంతో వచ్చింది కాదు. ఫోర్డ్‌లో ఆర్డరు కాగితం, సరుకు అందిన కాగితం, అమ్మినవాడు పంపిన బిల్లు మూడూ సరిపోల్చడం మీదే మనుషుల కాలమంతా పోయేది. చివరికి బిల్లునే తీసేశారు. గేటు దగ్గర సరుకు దిగినప్పుడే ఆర్డరుతో సరిచూసి, సరిపోతే అక్కడి నుంచే చెల్లింపు ఖాయం చేశారు. మీ షెడ్డులో ఆ గేటు స్థానంలో ఉన్నది కాటా. మేస్త్రీ గీతలకూ, గ్రేడింగ్ కాగితానికీ, చిట్టాకూ పొంతన కుదర్చడానికి రోజూ రాత్రి గంటలు పోతున్నాయంటే ఆ కాగితాల్ని కంప్యూటర్లోకి మార్చడం వల్ల ఒరిగేదేం లేదు. అవే తప్పులు తెర మీద కనిపిస్తాయి, అంతే.

కాటా దగ్గర మొదలుపెట్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. రైతూ, మీ మనిషీ ఒకే అంకెను ఒకే క్షణంలో చూసేది అక్కడే. మిగతా అన్నిచోట్లా ఎవరో ఒకరు ఇంకొకరి మాట నమ్మాలి. బరువు, రకం, ట్రేల సంఖ్య, ఖాళీ ట్రే బరువు, రైతు కోడు, తేదీ, టైము, వేసినవాడి పేరు. మొదటి ఏడాదికి ఇంతకంటే ఎక్కువ గళ్లు పెట్టకండి. తరుగు గడి కావాలా వద్దా అన్నది మీ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. టన్నుకు ఇంత అని ముందే మాట్లాడుకున్నదైతే చీటీ మీదే పడాలి, రైతు కళ్ల ముందే. గ్రేడింగ్ అయ్యాక తేలేదైతే చీటీ మీద "గ్రేడింగ్ తర్వాత" అని స్పష్టంగా ఉండాలి. ఖాళీగా వదిలిన గడి గొడవకు పిలుపే.

రైతు కోడు అన్నాను. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ లెక్కలు చెడేది ఇక్కడే. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉండటం మనకు మామూలు. పుస్తకంలో గుమాస్తా "చెరువు కట్ట", "స్కూలు పక్క" అని పక్కన గీసుకుంటాడు. కంప్యూటర్‌కు అది తెలియదు. ఫోన్ నంబరే కోడుగా పెట్టుకుందాం అనిపిస్తుంది, కానీ నంబర్లు మారతాయి, తండ్రి లోడుకు కొడుకు ఫోన్ ఇస్తాడు, కౌలుదారు వచ్చి యజమాని పేరు చెబుతాడు. మీ కంపెనీయే ఒక వరస సంఖ్య ఇచ్చి, దాని కింద పేరు, ఊరు, తోట ఎక్కడుందో, కాయ ఎవరిది, డబ్బు ఎవరికి వెళ్లాలి అన్నవి విడివిడిగా రాసుకోవడం మేలు. కాయ ఎవరిది, డబ్బు ఎవరికి అనేవి రెండు వేరే ప్రశ్నలని చాలా ప్యాకేజీలకు తెలియదు. కొనేముందు అడిగి తీరాల్సిన మొదటి సంగతి ఇది. ఆ సంఖ్యను చిన్న అట్టముక్క మీద రాసి రైతుకు ఇస్తే పర్సులో పెట్టుకుంటాడు, లేదా పెట్టుకోడు. అప్పుడు ఊరిపేరుతో వెతుక్కునే దారి ఉండాలి.

అన్నీ ఒకేసారి మార్చకండి. ముఖ్యంగా తోటను వదిలెయ్యండి. సొన అంటిన వేళ్లకు ఫోన్ తెర పలకదు, మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనపడదు, కొన్ని తోటల్లో సిగ్నల్ అసలు ఉండదు. మేస్త్రీ గీతల పుస్తకం అక్కడ ఏ యాప్ కంటే బాగా పనిచేస్తుంది. షెడ్డుకు రాగానే ఆ పేజీని ఫొటో తీసి కాటా చీటీకి జతచేస్తే చాలు. ప్రతి ఒక్కటీ డిజిటల్ కావాలన్న పట్టుదల అమ్మకందారు లాభానికి పనికొస్తుంది, మీకు కాదు.

ఎగుమతి లోడ్లు పంపేవాళ్ల సంగతి మాత్రం వేరు. వాళ్లకు కాగితం మీద ఉండిపోయే వెసులుబాటు తగ్గిపోతోంది. పండు ఈగ పురుగులు కనిపించాయని యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి మన దేశపు మామిడిని ఆపేసింది. 2015 మొదట్లో ఆ నిషేధం ఎత్తేసినా, ఆ తర్వాత కాయను 48 డిగ్రీల వేడినీళ్లలో 60 నిమిషాలు ఉంచడం వంటి షరతులు గట్టిపడ్డాయి. 2006లో మన బంగినపల్లికి కూడా తలుపు తెరిచిన జపాన్ ఆవిరి వేడిమితో 47.5 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు అడుగుతుంది. ఏ తోట కాయ ఏ ప్యాక్‌హౌస్‌లోంచి వెళ్లిందో వెనక్కి వెతికి చూపగలగాలి. ద్రాక్షకు 2006లో గ్రేప్‌నెట్ అని మొదలై, తర్వాత మామిడి తదితర పంటలకూ విస్తరించిన, కేంద్ర ఎగుమతుల సంస్థ అపెడా నడిపే హార్టీనెట్ పద్ధతి ఉన్నది అందుకే. ఇక్కడ రికార్డు అనేది సరుకులో భాగం. వేడి ఎంత, ఎంతసేపు అన్నది అప్పటికప్పుడు రాయకపోతే ఆ కాయ ఆ దేశానికి పనికిరాదు.

దీంతో ఒక పాత అలవాటు బయటపడుతుంది. ఉష్ణోగ్రతల పట్టీని సాయంత్రం కూర్చుని గుర్తున్నంత మేర నింపడం. కాగితం మీద అది దాగేది కాదు నిజానికి. ఉదయం నుంచి రాత్రిదాకా ఒకే పెన్ను, ఒకే వాలు, ఒక్క మరకా లేదంటే తనిఖీకొచ్చినవాడు చూపుతోనే పట్టేస్తాడు. కంప్యూటర్ దీన్ని ఇంకా మొహమాటం లేకుండా చూపిస్తుంది, ముప్ఫై ఎంట్రీలూ రాత్రి ఎనిమిదింటికే పడి ఉంటాయి. మాగబెట్టే గదుల్లో ఇథిలిన్ వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కార్బైడ్ నిషేధం, ఇథిలిన్ 100 పీపీఎం దాకానే అన్న ఆహార భద్రతా నిబంధనలు మీకు తెలిసినవే. గదిలో ఎప్పుడు ఎంత వదిలారో ఆ గంటలోనే రాసిన పట్టీ ఉంటే అధికారి అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ పెట్టేముందు మార్చాల్సింది రాసే సమయం. ఒక నెల కాగితం మీదే గంటకోసారి రాయించి చూడండి. అది నిలబడకపోతే తెర పెట్టినా నిలబడదు.

దిద్దుబాట్ల గురించి చట్టం కూడా ఒక మాట చెప్పింది. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలు లెక్కలకు సాఫ్ట్‌వేర్ వాడితే, ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో చూపే చరిత్ర అందులో ఉండి తీరాలి, దాన్ని ఆపెయ్యడానికి వీలుండకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. సొంత పేరు మీదో భాగస్వామ్యంగానో నడిపేవాళ్లకు ఈ నిబంధన వర్తించదు. వర్తించకపోయినా పెట్టుకోమనే నా సలహా. అంకె చెరిపి పైన ఇంకోటి రాసే అలవాటు పోయి, పాత అంకె అలాగే ఉండి దాని పక్కన కారణం రాసే అలవాటు వస్తుంది. దిద్దే హక్కు ఎవరికి ఉండాలన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఆ హక్కు గుమాస్తాకే ఇవ్వండి. ఇరవై ఏళ్లుగా లెక్కలన్నీ తలలో మోసిన మనిషి ఆయన. కంప్యూటర్ అనగానే ఆయనకు వినిపించేది "రేపటి నుంచి మీరు రానక్కర్లేదు" అనే. పైకి అనడు. "చూద్దాంలే బాబూ" అంటాడు, రెండు పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్తాడు. వెంటనే కీబోర్డు ముందు కూర్చోబెట్టి ఆయన్ని చిన్నబుచ్చకండి. కాటా దగ్గర ఆయన చెబుతుంటే టైపు చేసే కుర్రాడినో అమ్మాయినో పక్కన పెట్టండి. నూజివీడులో 2008 నుంచి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది, చుట్టుపక్కల ఊళ్లలో కంప్యూటర్ తెలిసిన పిల్లలకు కొదవ లేదు. వాళ్లతో యాప్ రాయించుకోవాలన్న ఉబలాటం మాత్రం ఆపుకోండి. చదువయ్యాక వాళ్లు హైదరాబాదో బెంగళూరో వెళ్తారు, వెళ్లాలి కూడా. మే నెల అర్ధరాత్రి అది ఆగిపోతే ఫోన్ ఎవరికి చేస్తారు? మామూలు పట్టికలతో మొదటి ఏడాది గడిచిపోతుంది. లెక్కల ప్యాకేజీ రెండో ఏడాది మాట.

చీటీ రైతు చేతికి ఎలా వెళ్లాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. బస్సు టిక్కెట్టులా వేడితో అచ్చయ్యే రోలు ప్రింటర్ చౌక, అందంగా ఉంటుంది. చొక్కా జేబులో చెమటకు, మే ఎండకు ఆ అక్షరాలు వెలిసిపోతాయి. రైతు నెల తర్వాత డబ్బుకు వచ్చి తెల్ల కాగితం చూపిస్తే మీ మీద అనుమానం రావడం న్యాయమే. రిబ్బన్ ప్రింటర్ చప్పుడు చేసినా అదే మేలు. దాంతో పాటు తెలుగులో ఒక వాట్సాప్ సందేశం వెళ్తే ఇంట్లో కొడుకో కోడలో చదివి చెబుతారు. కరెంటు పోయినప్పుడు రాయడానికి ముందే వరస సంఖ్యలు అచ్చువేసిన కార్బన్ పుస్తకం ఒకటి కాటా సొరుగులో ఉండాలి. గాలివాన రోజునే లోడ్లు ఎక్కువ వస్తాయి, కరెంటు పోయేదీ ఆ రోజే.

పాత పుస్తకం, కొత్త పద్ధతి రెండూ పక్కపక్కన ఎన్నాళ్లు నడపాలి? సీజనంతా అని చెప్పేవాళ్లున్నారు. రాత్రి రెండింటికి లారీ దిగుతుంటే ఎవడూ రెండుసార్లు రాయడు, రాసినా రెండోది మొదటిదాన్ని చూసి దించిందే. తొలి కోతల పలచని రోజుల్లో, కాటా చీటీకి మాత్రమే, రెండూ నడపండి. ఒక తేదీ ముందే గోడ మీద రాయండి, ఆ రోజు నుంచి పుస్తకం సొరుగులోకి వెళ్లాలి.

అంతకుముందే, ఫిబ్రవరిలో పూత పిందె కట్టే వేళ, ఒక రిహార్సల్ చేసుకోవచ్చు. పోయిన మే నెలలో అన్నిటికంటే రద్దీగా ఉన్న రోజు చీటీలు మొత్తం తీసి, వచ్చిన వరసలోనే, వచ్చిన వేగంతోనే కొత్త పద్ధతిలో ఎక్కించి చూడండి. గుమాస్తాయే రైతు వేషం వేసి "నా ట్రే బరువు అంత ఉండదండీ" అని వాదిస్తే ఇంకా మంచిది. ఎక్కడ చెయ్యి ఆగుతుందో, ఏ గడి దగ్గర అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారో ఆ మధ్యాహ్నంలో తెలిసిపోతుంది. ఏప్రిల్ దాకా దిద్దుకోవడానికి టైము ఉంటుంది.

పాత పుస్తకాలు చిత్తు కాగితాలవాడికి వెయ్యకండి. పచ్చి కాయకు జీఎస్టీ లేకపోయినా గుజ్జు, తాండ్ర, పచ్చడి చేసి అమ్మేవాళ్లకు ఉంది. ఆ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. ఇక ప్యాకేజీ అమ్మేవాణ్ని సంతకానికి ముందే ఒకటి చేసి చూపించమనండి: మా లెక్కలన్నీ నీ సాయం లేకుండా తెరుచుకునే ఫైలుగా ఇప్పుడు, ఈ కుర్చీలో కూర్చుని, నేను బయటికి తీసుకోగలనా? "అది మా ఆఫీసులో తీసి పంపుతాం సార్" అన్నాడంటే టీ ఇచ్చి పంపెయ్యండి.